మైనస్ 15 మీటర్ల స్థలం



పోయిన నెల పదో తరగతికి ఒక హోంవర్క్ ఇచ్చాను. ఒక స్థలం పొడవు, దాని వెడల్పు కన్నా 5 మీటర్లు ఎక్కువ. వైశాల్యం 150 చదరపు మీటర్లు. వెడల్పు ఎంత? కొందరు పిల్లలు "10 మీటర్లు లేదా మైనస్ 15 మీటర్లు" అని రాసుకొచ్చారు. మైనస్ 15 మీటర్ల వెడల్పున్న స్థలం ఏ ఊళ్లో ఉంటుందని అడిగితే క్లాసంతా నవ్వింది. రాసినవాళ్లు మాత్రం తల దించుకున్నారు. వుల్ఫ్‌రామ్ ఆల్ఫాలో సమీకరణం టైప్ చేసి, వచ్చింది వచ్చినట్టు దించేశారట.

తప్పు ఆ వెబ్‌సైట్‌ది కాదు. 1988లో వచ్చిన మ్యాథమెటికా అనే సాఫ్ట్‌వేర్ బలంతో 2009 నుంచి నడుస్తున్న సాధనం అది. ఇచ్చిన సమీకరణానికి రెండు మూలాలనూ సరిగ్గానే చెప్పింది. అది స్థలం లెక్క అని దానికెవరూ చెప్పలేదు. వెడల్పు మైనస్ కాదని గుర్తించాల్సింది మన పిల్లలు.

అలాగని ఫోన్ లాక్కోమని నేను చెప్పను. వరుస మార్చమంటాను. ముందు నోట్‌బుక్, తర్వాత ఫోన్. లెక్క చేశాక సరిచూసుకోవడానికి ఇంతకన్నా మంచి తోడు లేదు.

సిమ్యులేషన్లకూ ఇదే మాట. కొలరాడో విశ్వవిద్యాలయం ఉచితంగా అందిస్తున్న 'ఫెట్'లో లోలకం ఉంది. దాన్ని తెరిచే ముందు మీ అబ్బాయినో అమ్మాయినో అడగండి: "గుండు బరువు పెంచితే ఊగే వేగం మారుతుందా?" చాలామంది మారుతుందనే అంటారు. మారదు. దారం పొడవు పెంచితేనే ఊగడానికి ఎక్కువ సమయం పడుతుంది. నమ్మకపోతే కిటికీ ఊచకు దారంతో ఒక బోల్టు కట్టి చూడమనండి. ముందుగా ఊహించి తప్పిన పిల్లలు ఆ పాఠాన్ని మరిచిపోరు.

ఇందులో నా తప్పూ ఉంది. జవాబు సరిపోతే చాలు, టిక్ పెట్టి పంపేదాన్ని. మార్కు తగ్గితే ఇంటి నుంచి ఫోన్ వస్తుందన్న భయం కూడా ఉండేది. ఇకపై జవాబు తప్పినా, సొంతంగా చేసిన స్టెప్పులకు మార్కులు ఇస్తాను. దించిన జవాబుకు ఇవ్వను.

కాబట్టి ఈ నెల నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకు ఎక్కువ కనిపిస్తే కంగారు పడకండి. "ఎందుకు తప్పింది?" అని మీ పిల్లల్ని అడగండి. వాళ్లు చెప్పగలిగితే, ఆ లెక్క వచ్చినట్టే.