ఈసారైనా...!

ఆగస్టు నెల వచ్చిందంటే అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో జనానికి ఒక జబ్బు తిరగబెడుతుంది. ఏటా వచ్చేదే. మందు లేదు. లక్షణం ఒక్కటే... ‘ఈసారి మనవాళ్లు కొడతారు’ అనుకోవడం!

మనవాళ్లంటే యూనివర్సిటీ ఆఫ్ నెబ్రాస్కా ఫుట్‌బాల్ జట్టు. ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కాలితో తన్నేది తక్కువ, చేత్తో విసిరేది, చంకన పెట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. జట్టు పేరు ‘కార్న్‌హస్కర్స్’. మొక్కజొన్న పొత్తుల పొట్టు ఒలిచేవాళ్లని అర్థం. ఎటుచూసినా మొక్కజొన్న చేలే ఉండే రాష్ట్రానికి అంతకన్నా తగిన పేరేముంటుంది! జనాభా ఇరవై లక్షలకు అటూఇటూ. పెద్ద లీగుల్లో ఆడే ప్రొఫెషనల్ జట్టు ఒక్కటీ లేదు. రాష్ట్రం మొత్తానికీ ఉన్నదల్లా ఈ కాలేజీ జట్టే.

అందుకే లింకన్ నగరంలోని మెమోరియల్ స్టేడియానికి అంత గిరాకీ. 1923లో కట్టిన ఆ స్టేడియంలో మ్యాచ్ ఉన్న శనివారం ఎనభై వేలకు పైగా జనం ఎర్రచొక్కాలు వేసుకుని కూర్చుంటారు. ఆ పూటకి ఒమాహా, లింకన్ తర్వాత రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు అదే! 1962 నవంబరు 3న మొదలుపెట్టి అక్కడ ప్రతి మ్యాచ్‌కీ టిక్కెట్లన్నీ అమ్ముడుపోతూ వచ్చాయి. 2024 సెప్టెంబరులో ఆ లెక్క 400 మ్యాచ్‌లకు చేరింది. ప్రేక్షకుల్ని రానివ్వని 2020 కరోనా సీజన్‌ను ఇందులో కలపరు. సీజన్ టిక్కెట్లు తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి అందుతుంటాయి. ఇక్కడ చదువుకోవడానికి వెళ్లిన తెలుగు పిల్లలకు మొదటి సెప్టెంబరులోనే అర్థమైపోతుంది... శనివారం ఎరుపు తప్ప వేరే రంగు వేసుకుంటే అందరూ ఎగాదిగా చూస్తారని.

ఇంత పిచ్చికి కారణం లేకపోలేదు. 1970, 71ల్లో బాబ్ డెవానీ రెండుసార్లు జాతీయ టైటిల్ తెచ్చాడు. ఆయన తర్వాత వచ్చిన టామ్ ఆస్బోర్న్ 25 సీజన్లు కోచ్‌గా ఉండి, ఒక్క ఏడాదైనా తొమ్మిది గెలుపులకు తగ్గలేదు. 1994, 95, 97ల్లో మరో మూడు టైటిళ్లు. నలభై దాటిన నెబ్రాస్కా మనిషిని కదిపితే చాలు, ఆ రోజుల గురించే చెబుతాడు. మన పెద్దవాళ్లు పాత సినిమాల గురించి చెప్పినట్టు!

ఆ తర్వాతే కష్టాలు మొదలయ్యాయి. 2003లో ఫ్రాంక్ సోలిచ్ రెగ్యులర్ సీజన్‌లో తొమ్మిది మ్యాచ్‌లు గెలిపించినా ఉద్యోగం ఊడింది. ఏటా తొమ్మిదికి తగ్గకుండా గెలిపించిన బో పెలినీకి 2014లో అదే గతి. తొమ్మిది గెలుపులు చాలవని తరిమేసిన వాళ్లకు ఆ తొమ్మిదే అరుదైన వరమైంది. సీజన్ చివర జరిగే బౌల్ మ్యాచ్ ఆడాలంటే మామూలుగా ఉండే పన్నెండు మ్యాచ్‌ల్లో కనీసం ఆరు గెలవాలి. 2017 నుంచి 2023 దాకా, ఏడు సీజన్లపాటు, ఆ ఆరూ రాలేదు.

మధ్యలో సొంతింటి కుర్రాడొచ్చాడు. 1997 టైటిల్ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే నాయకుడు, స్కాట్ ఫ్రాస్ట్. 2018లో కోచ్‌గా అడుగుపెట్టగానే రాష్ట్రమంతా పండగ చేసుకుంది. మొదటి ఆరు మ్యాచ్‌లూ పోయాయి. 2021లో తొమ్మిది ఓడితే, తొమ్మిదింటిలోనూ తేడా పది పాయింట్లకు లోపే! చిత్తుగా ఓడిపోతే టీవీ కట్టేసి పడుకోవచ్చు. ప్రతిసారీ అంచుదాకా వెళ్లి ఓడితే ఆ రాత్రి నిద్ర పట్టదు. 2022 మొదటి మ్యాచ్ ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో. 11 పాయింట్ల ముందంజలో ఉండగా, బంతిని దూరంగా తన్నకుండా దగ్గర్లోనే తన్ని మళ్లీ చేజిక్కించుకుందామని ఫ్రాస్ట్ ఎత్తు వేశాడు. అది బెడిసికొట్టింది. చివరికి 31-28తో నార్త్‌వెస్టర్న్ గెలిచింది. ఆ జట్టు ఆ సీజన్‌లో ఇంకొక్క మ్యాచ్ కూడా గెలవలేదు!

సెప్టెంబరులో ఫ్రాస్ట్‌ను పంపించేశారు. ఒప్పందం ప్రకారం అక్టోబరు 1 దాకా ఆగితే పరిహారం సగానికి తగ్గేది. అయినా ఆగలేదు. కోటిన్నర డాలర్లు చేతిలో పెట్టి సాగనంపారు. ఓపిక ఖరీదు అంతకన్నా ఎక్కువని లెక్కేసుకున్నారేమో.

తర్వాత మ్యాట్ రూల్. ఈయన చరిత్రలో అభిమానులకు నచ్చిన లెక్క ఒకటుంది. టెంపుల్ యూనివర్సిటీలో మొదటి ఏడాది 2 గెలుపులు, రెండో ఏడాది 6, మూడో ఏడాది 10. బేలర్‌లో 1, 7, 11. అంటే మూడో ఏడాది పంట చేతికొస్తుందన్నమాట! నెబ్రాస్కాలో మొదటి ఏడాది 5. రెండో ఏడాది 7, పైగా న్యూయార్క్‌లో బోస్టన్ కాలేజీ మీద బౌల్ గెలుపు. ఇక మూడో ఏడాది 2025. అక్టోబరు చివరికి 8 మ్యాచ్‌ల్లో 6 గెలిచేసరికి జబ్బు బాగా ముదిరింది. నవంబరు మొదటి రోజునే క్వార్టర్‌బ్యాక్ డిలన్ రయోలా కాలి ఎముక విరిగింది. చివరికి మళ్లీ ఏడే. బౌల్‌లో యూటా చేతిలో 44-22.

దెబ్బ అక్కడితో ఆగలేదు. రయోలా తండ్రి కూడా ఒకప్పుడు నెబ్రాస్కా ఆటగాడే. ఈ కుర్రాడు జార్జియాకు ఇచ్చిన మాట కూడా పక్కనపెట్టి తండ్రి కాలేజీకి వచ్చాడు. రెండు సీజన్లు ముగియగానే 2026 జనవరిలో ఆరెగన్‌కు వెళ్లిపోయాడు. తప్పు పట్టడానికీ లేదు. కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చని 2021లో నిబంధన వచ్చింది. ఏడాది కూర్చోకుండా జట్టు మారే వీలూ అప్పుడే వచ్చింది. 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బులిస్తున్నాయి. ఒక్కో కాలేజీ ఏడాదికి రెండు కోట్ల డాలర్లకు పైగా ఇవ్వొచ్చు. ఇన్నాళ్లూ ఊరిబడి నుంచి వచ్చిన పిల్లాడు నాలుగేళ్లు కళ్లముందే ఎదిగి, నాలుగో ఏట మ్యాచ్ గెలిపించేవాడు. అభిమాని ఆశ ఆ ఎదుగుదల మీద కట్టుకున్నదే. ఇప్పుడు ఐపీఎల్ వేలం తర్వాతలా ఎవరొచ్చారో ఎవరు పోయారో కాగితం ముందేసుకుని నేర్చుకోవాల్సిందే.

2026 సీజన్‌కి ఎదురుచూసే నెబ్రాస్కా అభిమానిని ఇంతకన్నా కలవరపెట్టేది మరొకటుంది. ఇండియానా! ఫుట్‌బాల్‌లో ఓటమికి మారుపేరైన యూనివర్సిటీ అది. 2023లో 3 గెలిచి 9 ఓడింది. కొత్త కోచ్ కర్ట్ సిగ్నెటీ పాత కాలేజీ నుంచి ఆటగాళ్లను వెంటబెట్టుకొచ్చాడు, మిగతావాళ్లను బదిలీల్లో ఏరుకున్నాడు. 2024లో 11 గెలుపులు. నెబ్రాస్కాను 56-7తో చిత్తుచేసింది ఆ ఏడాదే. 2025లో పదహారుకి పదహారూ గెలిచి, 2026 జనవరి 19న మయామీని ఓడించి జాతీయ విజేత అయింది.

ఇండియానాకి సాధ్యమైంది మనకెందుకు కాదని నెబ్రాస్కాలో కొందరు సంబరపడుతున్నారు. నిజానికి ఇది సంబరపడాల్సిన విషయం కాదు. ‘మంచి జట్టు తయారుకావాలంటే టైము పట్టదా?’ అన్న సమాధానం ఇన్నేళ్లూ కోచ్‌లను కాపాడింది. అభిమానిని కూడా అదే ఓదార్చింది. ఇప్పుడా మాట చెల్లదు. గతంలో గొప్పవాళ్లమన్నదీ పనికిరాదు. ఇండియానాకి ఆ గతమే లేదు కదా! నెబ్రాస్కా చివరిసారి కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచింది 1999లో. ఆ ఏడాది పుట్టిన పిల్లలు కాలేజీ చదువులు ముగించి ఉద్యోగాల్లో కుదురుకున్నారు. వాళ్లకు ఆస్బోర్న్ అంటే తాతలు చెప్పిన కథ. స్టేడియం నిండటం కూడా ఇదివరకటంత సులువు కాదు. 2021లో ఒక మ్యాచ్‌కి మిగిలిపోయిన టిక్కెట్లను దాతలు కొని పేదపిల్లలకు ఇస్తేగానీ 1962 నాటి వరస నిలబడలేదు.

అయినా సరే, ఆగస్టులో లింకన్ వీధిలో ఏ ఎర్రచొక్కాయనను ఆపి ఎన్ని గెలుస్తారని అడిగినా జవాబు తడుముకోడు. ఏడంటాడు. కాస్త ఆగి ఎనిమిదంటాడు. ఇంటి గుమ్మం దాకా నడిచేసరికి అది తొమ్మిదవుతుంది.