ఎత్తు మడమలు – అలవాటు, అభ్యాసం

మన పండుగ సభలలో తరచు కనబడే దృశ్యం ఒకటి ఉన్నది. పట్టు లంగా, ఓణీ ధరించి, నాలుగంగుళాల మడమల జోడు తొడిగిన ఆడపిల్ల చలువరాతి మెట్ల వద్ద కమ్మీ పట్టుకొని నిలిచిపోతుంది. "నాలుగు రోజులు కష్టం, పిదప అదే అలవాటైపోతుంది" అని పెద్దలు ధైర్యం చెబుతారు. మా అమ్మాయికి నేనూ ఆ మాటే చెప్పాను. ఆ మాట సగమే నిజమని ఇక్కడ మనవి చేయదలచాను.

ఎత్తు మడమ స్త్రీల అలంకారంగా పుట్టినది కాదు. సోహార్ తీరానికి సముద్రం ఆవలనున్న పారశీక దేశంలో, రికాబులో పాదం జారకుండా నిలుపుకొనుటకు ఆశ్వికులు దానిని వాడారు. 17వ శతాబ్దిలో ఐరోపా పురుషులు దానిని అనుకరించారు. ఫ్రాన్సు ప్రభువు 14వ లూయీ ఎర్ర మడమలు ధరించేవాడు. సన్నని 'స్టిలెట్టో' మాత్రం 1950లలో, మడమ లోపల ఉక్కు కడ్డీ అమర్చడంతో సాధ్యమైనది.

ఇక భౌతికశాస్త్రం. 60 కిలోల వ్యక్తి బరువంతా ఒక చదరపు సెంటీమీటరు మడమ కొనపై పడిన క్షణంలో, ఆ కొన క్రింద ప్రతి చదరపు సెంటీమీటరుకు 60 కిలోల ఒత్తిడి కలుగుతుంది. నాలుగు టన్నుల ఏనుగు పాదం ఒక్కొక్కటి సుమారు వెయ్యి చదరపు సెంటీమీటర్లనుకుంటే, నిలిచియున్న ఏనుగు క్రింద ఆ ఒత్తిడి ఒక్క కిలో మాత్రమే!

శరీరం దీనికి అలవాటు పడుతుందా? పడుతుంది, అందుకు మూల్యమూ చెల్లిస్తుంది. ఏళ్ళ తరబడి ఎత్తు మడమలు ధరించిన స్త్రీలను పరీక్షించి 2010లో ప్రచురించిన ఒక పరిశోధనలో వారి పిక్క కండర తంతువులు పొట్టిబడినట్లు, మడమ వెనుక స్నాయువు బిరుసెక్కినట్లు తేలింది. అట్టివారికి చదునైన చెప్పులే అసౌకర్యమవుతాయి. దీనిని నేర్పు అందామా?

నేర్పు వేరు. పళ్ళెం అంచుపై నర్తించే కూచిపూడి కళాకారిణి తొలుత నేలపై అడుగులు సరిదిద్దుకొని, ఏళ్ళ సాధన పిదపనే పళ్ళెమెక్కుతుంది. మన పిల్లలు మాత్రం కొన్న సాయంత్రమే సభకు వెళ్ళగోరుతారు. ధరించదలచినవారు రెండంగుళాల వెడల్పు మడమతో ఆరంభించవలెను. పాదాలు కొంత ఉబ్బియుండే సాయంకాలమే కొలత చూచుకొనవలెను. చీలమండ పట్టీ ఉన్న జోడు మేలు. ఇంట్లో తివాచీపై, తరువాత గచ్చుపై, చిన్న అడుగులతో, మడమ ముందు, వేళ్ళు తరువాత ఆనించి నడవవలెను. ఇంటికి రాగానే పిక్కలను సాగదీయవలెను. కారు నడుపునపుడు విడిచిపెట్టవలెను.

రసాయన శాస్త్రవేత్తగా మరొక మాట. అనేక పాదరక్షల అడుగు పాలీయురెథేన్‌తో చేయబడుతుంది. వానిలో కొన్ని రకాలు గాలిలోని తేమతో చర్య జరిపి, అణుశృంఖలాలు తెగి, పొడిపొడిగా రాలిపోతాయి. దీనినే జలవిశ్లేషణ అంటారు. ఉక్క, వేడి కలిసిన ఈ బాతినా తీరంలో ఆ చర్య మరింత వేగంగా సాగుతుంది. కనుక ఏడాదిగా బీరువాలో దాచిన జోడును పండుగనాడు తొడిగే ముందు అడుగును వంచి, నొక్కి పరీక్షించండి.

ఎత్తు మడమలను నిషేధించమని నా అభిప్రాయం కాదు. బలవంతమే కూడదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమూ, ఫిలిప్పీన్స్ దేశమూ 2017లో ఉద్యోగినులపై ఈ నిర్బంధాన్ని తొలగించాయి. మన ఇండ్లలో చట్టాలు అక్కరలేదు. కర్మాగారంలోనో, ప్రయోగశాలలోనో పాదరక్షణ నియమాలను తప్పక పాటించే మనం, సాయంత్రం మన బిడ్డ "కాళ్ళు నొప్పి" అంటే "ఓర్చుకో" అనడం ఏమి న్యాయం? నొప్పి శరీరం పలికే భాష. ఆ భాషను మరువమని బిడ్డకు నేర్పరాదు. ఈసారి సభకు వచ్చునపుడు సంచిలో ఒక జత చదును చెప్పులు కూడా పెట్టుకొని రండి. మా అమ్మాయికి నేను సవరించి చెప్పిన మాట అదే.