జర్మనోళ్ల కుందేలు పులుసు - మా వాడ నల్ల

నెత్తురు వండుకొని తినేటోళ్లు అనాగరికులని మమ్మల్ని తిట్టే పెద్దమనుషులారా, ఈ కూర సంగతి వినండి.

జర్మనీలో హాజెన్‌ఫెఫర్ అని ఒకటుంది. హాజె అంటే అడవి కుందేలు, ఫెఫర్ అంటే మిరియం. ముక్కల్ని ద్రాక్షసారాలోనో వెనిగర్‌లోనో ఉల్లిగడ్డ, లవంగాలు, మిరియాలేసి ఒకట్రెండు రోజులు నానబెడతరు. ఆ పులుపులోనే సన్న మంట మీద ఉడికిస్తరు. దించేముందు, గడ్డకట్టకుండ వెనిగర్ కలిపి దాచిన కుందేలు నెత్తురు పోస్తరు. పోసినంక మరగనియ్యరు, మరిగితే విరుగుతది. పులుసు చిక్కబడి నల్లగైతది. మా అవ్వకు చెప్తే ఏం ఆశ్చర్యపోలేదు. "మరి నెత్తురు పారబోస్తరా?" అన్నది.

పాత పద్ధతిలో దీనికి మంచి ముక్కలు వాడరు. వీపు, వెనక తొడలు కాల్చుకొని తినడానికి పోతయి. మిగిలిన మెడ, ముందుకాళ్లు, పక్కటెముకలు, గుండె, కార్జం ఈ పులుసుకు. ఆ మిగులుకు హాజెన్‌క్లైన్ అని పేరు కూడా ఉంది.

అక్కడా వేట హక్కు దొరలదే. జింక, అడవిపంది పెద్ద వేట, కుందేలు చిన్న వేట. అడవి జంతువు చేను మేసినా రైతు నోరు మూసుకోవాలె. 1525లో జర్మన్ రైతులు తిరగబడి మెమ్మింగెన్ పట్నంలో పన్నెండు డిమాండ్లు రాసుకుంటే, నాలుగోది ఇదే: పేదోనికి అడవి జంతువునూ, పారే నీళ్లలో చేపనూ పట్టే హక్కు కావాలని. వాళ్లను వేలకు వేలు నరికిన్రు. పరాయి భూమి మీద దొరల వేట హక్కు పోవడానికి 1848 విప్లవం దాకా ఆగాల్సొచ్చింది.

మా తాత వలేసి కుందేలును పడితే తొడలు గడికి పోయేవి. తలకాయ, పేగులు, నెత్తురు మాకు. హాజెన్‌క్లైన్ తిన్నోళ్లం మేమూ. 1972 చట్టం వచ్చినంక అడవి కుందేలును వేటాడుడు నేరం. దాంతో నాకు పేచీ లేదు, కుందేలు బతకాలె. వేట పోయింది సరే, మా మీద అసహ్యం ఎందుకు పోలేదు?

నేను పనిచేసిన ఒక బడిలో ఒక సారు ఉండె. కొడుకు జర్మనీలో చదువుతున్నడు. కొడుకు చెప్పిన ఈ కూర గురించి "ఎంత గొప్ప సంప్రదాయమో" అని స్టాఫ్‌రూంలో మురిసిపోయిండు. అదే సారు, నా డబ్బాలో మేక నల్ల ఉన్నదని తెలిసిననాడు కుర్చీ ఎత్తుకొని వరండాలకు పోయిండు. నెత్తురు నెత్తురే గదా సారూ!

శాస్త్రమంటరా? మనుస్మృతి అయిదో అధ్యాయం తీయండి. అయిదు గోళ్ల జంతువుల్లో తినదగినవాటి లెక్కలో కుందేలు ఉంది. అటు 751లో పోప్ జకారియస్, జర్మన్ల నడుమ పనిచేస్తున్న బోనిఫేస్‌కు జాబు రాసి కుందేలు తినొద్దన్నడు. జర్మన్లు తింటనే ఉన్నరు. తిన్నోణ్ని తరతరాలు ఊరి బయట పెట్టలేదు. జర్మనీ స్వర్గమని అంటలేను, యూదులను గ్యాసు పెట్టి చంపిన దేశమది. కానీ ఈ పులుసు విషయంలో, పేదోడు పైకొచ్చినకొద్దీ వాని కూర కూడా పైకొచ్చింది. ఇక్కడ నేను డిగ్రీ చదివి, బీయెడ్ చేసి, సర్కారు కొలువు తెచ్చుకున్నా నా డబ్బా పైకి రాలేదు. అంటు గిన్నెలో లేదు, మూత తీసే చేతిని చూసి అంటిస్తున్నరు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో పిల్లలు పెద్దకూర పండుగ చేసుకుంటే ఏమైందో మీకు తెల్వదా?

జర్మన్లు ఆ మిగులు కూరను వంటల పుస్తకాలకెక్కించిన్రు. తెలుగు వంటల పుస్తకాలు ఎన్ని తిరగేసినా నాకు నల్ల కనబడలేదు, బోటి ఎక్కడో ఒకచోట. హాస్టళ్లల్ల ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ దగ్గర నోటుబుక్కులున్నయి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వలనడిగి రాసుకోండి. నెత్తురు ఎట్ల పట్టాలె, ఉప్పు ఎప్పుడెయ్యాలె, ఎవరి ఇంట్ల ఎట్ల వండుతరు, అన్నీ, పేర్లతో సహా.