గృహిణీ గోష్ఠి: డీవీడీలోని కథ ఫోనులోనికి



ఈ మాసమున నాకు చేరిన జాబులలో నొకదానికి ముందుగా బదులు వ్రాయుచున్నాను. ఏలయన, ఆ జాబు వ్రాసిన సోదరికి గడువు తక్కువ. ఆమె పశ్చిమగోదావరి జిల్లాలోని యొక పల్లెవాసిని. వచ్చు మాసాంతమున వంటపనికై కువైటు వెళ్లుచున్నది. రెండేండ్ల యొడంబడిక. ఇంట తల్లి పక్షవాతముతో మంచమున బడియున్నది. కుడిచేయి యాడదు, మాట తడబడును. తెలివి మాత్రము చెక్కుచెదరలేదు. వసారాలోని టెలివిజను ఆమె మంచమునకు కనబడదు. గదిలో దానికి చోటు లేదు. చోటున్నను, రిమోటు ఎవరి చేతిలో నుండునో మనకు తెలియనిది కాదు.

ఆ తల్లికి రామానందసాగరుగారి రామాయణమును మరల చూడవలెనని కోరిక. ఆ ధారావాహిక దూరదర్శనునందు 1987 జనవరి మొదలు 1988 జూలై వరకు ఆదివారపు టుదయములందు 78 భాగములుగా ప్రసారమైనది. అప్పటికామె క్రొత్తకోడలు. ఊరి మోతుబరి యింటి కిటికీ ఊచలు పట్టుకొని చూచెడిదట. హిందీ యొక్క ముక్కయు రాదు. రామకథ తెలిసికొనుటకు హిందీ యేల?

కూతురు కొన్నియేండ్ల క్రిందట ఆ కథ డీవీడీలను కొనియుంచినది. డీవీడీ యంత్రము చెడిపోయినది, బాగుచేయువారు లేరు. పొరుగింటి విద్యార్థి తన కంప్యూటరులో డీవీడీ పెట్టి, అందలి ఫైళ్లను ఉన్నవున్నట్లు తల్లి ఫోనులోనికెక్కించెను. ఫోను వాటిని తెరువనన్నది. ఆ పిల్లవాడు ఫైలు పేరు చివర నున్న మూడక్షరములను చెరిపి, క్రొత్త యక్షరములు వ్రాసి చూచెను, అప్పుడును తెరచుకొనలేదు. మా పల్లెలో మాట పలుకుటకు మాత్రమే సిగ్నలు చాలును, ఇంటర్నెట్టులో చూచు వీలు లేదు, ఉపాయము చెప్పుమని యామె యడిగినది.

ఉపాయము కలదు. అయితే కారణము తెలిసినగాని ఉపాయము నిలువదు కావున ముందది చెప్పెదను. ఉప్పుడబ్బాపై పంచదార యని చీటి యంటించినంతమాత్రమున లోని యుప్పు తీపెక్కదు గదా! ఫైలు పేరు మార్చుటయు నట్టిదే. మార్చవలసినది లోని సరకు. డీవీడీలోని బొమ్మ ఎంపెగ్-2 అను పాతపద్ధతిలో కూర్చబడినది. నేటి ఫోనులన్నియు సులభముగా చదువునది హెచ్.264 అను పద్ధతి. అది 2003లో వెలువడినది. కథ యొక్కటే, లిపి వేరు. తెలుగు మాత్రమే నేర్చిన బాలికకు గ్రంథలిపిలోని పుస్తకమిచ్చిన నేమి చదువును?

ఈ పద్ధతులన్నిటి మూలసూత్రమును మన యమ్మమ్మల పాటలపుస్తకములందే చూడవచ్చును. పల్లవిని మొదట నొకమారు పూర్తిగా వ్రాసెదరు. తరువాత ప్రతిచరణము క్రిందను దాని మొదటిమాట వ్రాసి యొక గీత గీసి విడిచెదరు. మన దేశపు టెలివిజను చిత్రమున సెకనునకు 25 బొమ్మలుండును. దశరథుడు సింహాసనముపై కదలక కూర్చుండి మాటాడుచున్నప్పుడు సింహాసనమును, గోడను, స్తంభములను సెకనునకు 25 మారులు వ్రాయుటేల? ఒక బొమ్మను పూర్తిగా వ్రాసి, తక్కినవానియందు పెదవి కదలినంత, కనురెప్ప వాలినంత మాత్రమే వ్రాసిన చాలును. క్రొత్తపద్ధతి ఈ పొదుపును పాతదానికంటె మిక్కిలి నేర్పుగా చేయును. అందుచేతనే అదే కథ తక్కువ చోటున పట్టును.

ఇచట ఒక చదువరి, వీఎల్‌సీ యను ఉచితసాధనమును ఫోనులో చేర్చుకొన్నచో పాతఫైళ్లను సైతము చూడవచ్చును గదా, ఈ శ్రమయేల, యనవచ్చును. నిజమే, చూడవచ్చును. కాని డీవీడీలోని ఫైళ్లు ఒక్కొక్క గిగాబైటు చొప్పున తెగియుండును. కథ యెక్కడ ముగిసినదో చూడక తెగును. ఒక భాగపు కడపటి ఘట్టము వేరొక ఫైలులో పడును. పైగా ఒక డీవీడీలో నాలుగు భాగములున్నచో ఒక్కొక్కటి గిగాబైటు పైబడును; 78 భాగములకు సామాన్యమైన ఫోనున చోటు చాలదు. మార్చినచో నెంత పట్టునో మనమే లెక్క కట్టవచ్చును. బొమ్మకు సెకనునకు 1000 కిలోబిట్లు, శబ్దమునకు 128 కిలోబిట్లు అనుకొందము. సుమారు 35 నిమిషముల భాగమనగా 2100 సెకనులు. రెంటిని గుణించి, ఎనిమిది బిట్లొక బైటు గనుక ఎనిమిదిచే భాగించినచో రమారమి 300 మెగాబైట్లు వచ్చును. 78 భాగములును కలిపి 23, 24 గిగాబైట్లు. 32 గిగాబైట్ల చిన్న మెమరీ కార్డున కథయంతయు నిముడును. అది చింతగింజకంటె చిన్నది!

ఇక సాధనము. హ్యాండ్‌బ్రేక్ అను ఉచితమైన సాధనము కలదు. 2003 నుండియు నున్నది, నేటికిని వృద్ధిపొందుచున్నది. దానికి డీవీడీని చూపగనే అందలి భాగముల జాబితానిచ్చును. అన్ని భాగములను కలిపిన దీర్ఘమైన దొకటి కూడ ఆ జాబితాలో నుండవచ్చును. దానిని విడిచి, 35 నిమిషముల వానినే యెంచుకొనవలెను. సిద్ధముగా నుంచిన యమరికలలో ‘ఫాస్ట్ 576పీ25’ అనునది మన దేశపు డీవీడీలకు తగినది. నాణ్యత యంకె 18 మొదలు 22 లోపల నుండనిండు. ఈ యంకె తిరకాసైనది: పెంచినకొలదిని బొమ్మ తగ్గును. ఆ యంకెనే నమ్మి చేసినచో ఫైలు పరిమాణము దృశ్యమును బట్టి మారును. యుద్ధకాండ కొంచెము లావెక్కును, అశోకవనము సన్నగిల్లును. పైని చెప్పిన లెక్క సగటున సరిపోవును.

మూడు చిక్కులను ముందే చెప్పుచున్నాను. పాత టెలివిజను ప్రతి బొమ్మను రెండు సగములుగా, బేసిగీతలు మొదట, సరిగీతలు పిదప, గీసెడిది. ఫోను తెర రెంటిని ఒక్కమారే చూపును. అందుచేత బాణము వేగముగా పోవునపుడు దాని యంచులు దువ్వెనపండ్లవలె చీలి కనబడును. హ్యాండ్‌బ్రేక్‌లో ఫిల్టర్లు అనుచోట డీఇంటర్లేస్ అనుదానిని పెట్టినచో నీ దోషము పోవును. రెండవది శబ్దము. డీవీడీలోని శబ్దమును మార్చక విడిచినచో కొన్ని ఫోనులందు బొమ్మ యాడును గాని మాట వినబడదు; ఏఏసీ యను పద్ధతికి, రెండు స్పీకర్ల రీతికి మార్చవలెను. మూడవది ముఖముల యాకారము. డీవీడీలో బొమ్మ 720 చుక్కల వెడల్పున, 576 చుక్కల యెత్తున దాచబడియుండును. చూపునప్పుడు 4కు 3 పాళ్లకు సాగదీయవలెను. సాధనము దానంతట నదియే యీ పని చేయును. తెలిసీ తెలియక ఆ యంకెలను మార్చినచో సీతమ్మ ముఖము కోలయగును. వానిని ముట్టకుండుటయే మేలు.

మొదట ఒక్క భాగమును మార్చి, తల్లి ఫోనులోనే, ఆమె మంచమువద్దనే, చూచుకొనుడు. అన్నము పట్టి చూచుటకు ఒక్క మెతుకు చాలును. అది సరియైన పిమ్మట తక్కిన భాగములను వరుసలో చేర్చి, రాత్రి పండుకొనబోవునప్పుడు పని కప్పగించిన తెల్లవారునప్పటికి ఒక డీవీడీ ముగియును. డీవీడీ మార్చుటకు మాత్రము మనిషి కావలెను. ఇరువది డీవీడీలైన ఇరువది రాత్రులు. సోదరికి గడువు చాలును, నేడే మొదలుపెట్టినచో.

పేర్లు పెట్టుటలో నొక మెలకువ కలదు. 1, 2, 3 అని పెట్టిన కొన్ని ఫోనులు 1 తరువాత 10ని, 11ని చూపి, 2ను దూరముగా విసరివేయును. ధనుర్భంగము కాకమునుపే వనవాసమగును. 01, 02 అని రెండంకెల చొప్పున వ్రాయుడు. వీఎల్‌సీలో నన్నింటిని ఒక పట్టికగా చేర్చినచో ఒక భాగము ముగియగనే తరువాతిది దానంతట వచ్చును. నడుమ నాపినచో నాపినచోటు గుర్తుంచుకొనును. కుడిచేయి యాడని వారికి ఇది చిన్న సౌకర్యము కాదు. ఫోనును ఎడమ ప్రక్కన, మెడ వంచనక్కరలేని యెత్తున, గట్టి పీటపై నిలుపుడు. చార్జింగు తీగ పొడవైనది కొనుడు. ఆటకు అడ్డురాకుండ ఫోనును విమానపద్ధతిలో పెట్టుడని కొందరు చెప్పుదురు. వలదు. కువైటు నుండి కూతురి పిలుపు రావలెను గదా!

మా వారు బడిపంతులు. ఫోను పేరెత్తిన పిల్లల చదువు చెడుచున్నదని మండిపడుదురు. ఈ జాబును వారికి చదివి వినిపించితిని. మారుమాటాడక హ్యాండ్‌బ్రేక్ లెక్కలను తామే సరిచూచి యిచ్చిరి.

న్యాయమును గూర్చియు నడిగిన వారు కలరు. 1957 నాటి కాపీరైటు చట్టపు 52వ విభాగమున సొంత వాడుకకై న్యాయముగా చేసికొను పనికి మినహాయింపు కలదు. అయితే 2012లో చేర్చిన 65ఏ విభాగము, హక్కులకు భంగము కలిగించు నుద్దేశముతో తాళములు పగులగొట్టుటను నేరమనుచున్నది. కొన్ని డీవీడీలకు అట్టి తాళముండును. హ్యాండ్‌బ్రేక్ వానిని తెరువదు. మన సోదరి డీవీడీలు కంప్యూటరున తెరచుకొనుచునే యున్నవని, భాగములు సక్రమముగా నాడుచున్నవని వ్రాసినది గనుక ఆ చిక్కు లేదు. కొన్న కథను తల్లికి చూపుట వేరు, నకళ్లు తీసి యంగడిలో నమ్ముట వేరు, వాట్సాపులో నూరంతటికి పంచుట వేరు. ఈ కడపటిది దానమని యనుకొనువారున్నారు. పరుల సొత్తును దానము చేయ మనమెవరము?

వరంగల్లు సోదరి యడిగినది వేరు విషయము. తన తాతగారి హరికథ టెలివిజనులో వచ్చినప్పుడు ఇంట వీడియో క్యాసెట్టుపై పట్టుకొనిరట. డీవీడీకంటె దీనికి తొందర యెక్కువ. అయస్కాంతపు నాడ కాలక్రమమున బలహీనపడును; తేమ తగిలిన బూజు పట్టును. క్యాసెట్టును ఆడించు యంత్రములను చేసెడి కడపటి సంస్థయగు జపానువారి ఫునాయి 2016 జూలైలో వాని తయారీని నిలిపివేసినది. ఉన్న పాతయంత్రములే దిక్కు. తెల్లని బూజు కనబడినచో యంత్రములో పెట్టకుడు. నాడ తెగవచ్చును, యంత్రమును పాడగును. తెలిసినవారిచేత ముందు శుభ్రము చేయింపవలెను.

బూజు లేనిచో యంత్రమునుండి పసుపు, తెలుపు, ఎరుపు తీగలను క్యాప్చర్ సాధనమునకు తగిలించి, దానిని కంప్యూటరునకు కలిపి యాడింపవలెను. ఇందు వేగిరపాటు కుదరదు: మూడుగంటల క్యాసెట్టునకు మూడుగంటలును పట్టును. మొదటిమారు మంచి నాణ్యతతో, పెద్దఫైలుగా పట్టుడు. దానిని మాతృకగా దాచి, ఫోనులకు, పిల్లలకు చిన్నవానిని దానినుండియే తీయవలెను. చిన్నదానినుండి మరల చిన్నదానిని తీయరాదు. తాళపత్రములను చూచి వ్రాసిన లేఖకులకు ఈ సంగతి బాగుగా తెలియును. మూలమును చూచి వ్రాసిన ప్రతిలో పది తప్పులుండిన, ఆ ప్రతిని చూచి వ్రాసినదానిలో నిరువదియుండును. మాతృకను రెండు తావుల నుంచుడు, ఒకటి మీ యింట, ఒకటి తోబుట్టువుల యింట. ఫైలు 4 గిగాబైట్లు మించినచో కొన్ని పాత పెన్‌డ్రైవులు దానిని స్వీకరింపవు. వానిని ఎక్స్‌ఫ్యాట్ అను పద్ధతిలో ముందుగా సిద్ధపరచుకొనవలెను. అట్లు సిద్ధపరచునపుడు అందున్నదంతయు చెరిగిపోవును గనుక ఖాళీదానినే యెంచుకొనుడు. పని ముగిసిన తరువాత సయితము క్యాసెట్టును పారవేయక, తేమ తగలని చోట పుస్తకమువలె నిలువుగా పెట్టియుంచుడు.