జిరాక్స్ కాగితం మీద ఎవరి హక్కు?

పుస్తకం కొనలేని విద్యార్థి చేతిలోని జిరాక్స్ కాగితం దొంగసొత్తా? 2012 ఆగస్టులో ఈ ప్రశ్న ఢిల్లీ హైకోర్టుకు చేరింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ సర్వీస్ అనే చిన్న షాపు మీద, ఢిల్లీ యూనివర్సిటీ మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు దావా వేశాయి. సిలబస్‌కు కావాల్సిన పేజీలను టీచర్లు ఎంచి ఇస్తే షాపువాళ్లు జిరాక్స్ తీసి, బైండ్ చేసి అమ్మేవారు. అదే నేరమన్నారు. ఆక్స్‌ఫర్డ్ రచయితే అయిన అమర్త్య సేన్ దావా వద్దని లేఖ రాశారు. విద్యార్థులు సంఘం పెట్టుకుని కేసులో పార్టీ అయ్యారు.

వాదనంతా తిరిగింది 1957 కాపీరైట్ చట్టంలోని 52(1)(ఐ) చుట్టూ. బోధనలో భాగంగా టీచర్ గానీ విద్యార్థి గానీ ఏ రచననైనా కాపీ చేసుకోవడం ఉల్లంఘన కాదని అది చెబుతుంది. ఎన్ని పేజీలన్న హద్దు అందులో లేదు. 2016 సెప్టెంబర్ 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావా కొట్టేశారు. కాపీరైట్ దైవదత్తమూ కాదు, సహజ హక్కూ కాదన్నారు. చేత్తో రాసుకుంటే తప్పు కానిది మిషన్ మీద తీస్తే తప్పెలా అవుతుందన్నదే ఆ తీర్పు తర్కం. అదే ఏడాది డిసెంబర్‌లో డివిజన్ బెంచ్ ఇంకో మాట కలిపింది: బోధన అంటే క్లాసులో గంటసేపు చెప్పే పాఠం ఒక్కటే కాదు, కోర్సు నడిచినంత కాలం జరిగే పనంతా. కొన్ని అంశాలను విచారణకు వెనక్కి పంపినా, 2017 మార్చిలో ప్రచురణకర్తలే దావా ఉపసంహరించుకున్నారు.

అక్షరాన్ని శతాబ్దాలపాటు మనకు నిషేధించిన దేశం ఇది. ఇవాళ ఆ నిషేధం ధర రూపంలో ఉంది. విదేశీ ప్రచురణ పుస్తకం ఖరీదు హాస్టల్ పిల్లల నెల ఖర్చును దాటిపోతుంది. అలాంటి చోట ఈ తీర్పు చిన్నది కాదు. ఢిల్లీ హైకోర్టు మాట మన రెండు హైకోర్టులను కట్టిపడేయదు, నిజమే. కానీ చట్టం దేశమంతటికీ ఒక్కటే. కాలేజీల్లో టీచర్లు ఇంకా ఎందుకు జంకుతున్నారో అర్థం కాదు.

జంకాల్సిన చోటు ఒకటుంది. 52(1)(ఐ) కాపీ తీయడం గురించే మాట్లాడుతుంది. పీడీఎఫ్‌ను అందరికీ కనిపించేలా వెబ్‌సైట్‌లో పెట్టడం గురించి అందులో ఒక్క ముక్క లేదు. క్లాసు పిల్లలకే పంపితే ఆ బెంచ్ ఇచ్చిన విస్తృతార్థం అండగా నిలవొచ్చు. ఊరందరికీ పంచితే ఆ వాదన నిలబడటం కష్టం.

బాబాసాహెబ్ రచనలకు ఈ భయమే అక్కర్లేదు. ఆయన 1956 డిసెంబర్ 6న కన్నుమూశారు. రచయిత మరణించాక 60 ఏళ్లు మాత్రమే కాపీరైట్ ఉంటుంది కాబట్టి, 2017 జనవరి 1 నుంచి ఆయన జీవితకాలంలో అచ్చయిన పుస్తకాలు ప్రజల సొత్తు. మొత్తం పుస్తకమైనా అచ్చేసుకోవచ్చు. అయితే తెలుగు అనువాదం మీద అనువాదకుడి హక్కు వేరే ఉంటుంది, అది గుర్తుంచుకోవాలి.

పరిశోధనా పత్రికల కథ వేరు. కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి తెచ్చిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ప్రైవేటు కాలేజీల్లో చదివే మన పిల్లలు ఆ గడప బయటే ఉన్నారు.

ఇక ఎవరూ ముట్టని సెక్షన్ ఒకటి మిగిలింది, 32వది. విదేశీ రచన బోధనకు అవసరమైతే, అభివృద్ధి చెందిన దేశాల్లో వాడుకలో లేని భాషలోకి అనువదించడానికి, అది వెలువడిన ఏడాది తర్వాత ఎవరైనా లైసెన్సు కోసం దరఖాస్తు చేయవచ్చు. తెలుగు అలాంటి భాషే. తెలుగు మీడియంలో డిగ్రీ చదివే దళిత విద్యార్థికి ఇంగ్లీషు జిరాక్స్ ఇస్తే సగం పనే అవుతుంది. మిగతా సగానికి దరఖాస్తు పెట్టాల్సింది తెలుగు అకాడమీలు, యూనివర్సిటీలు. వాటిని అడగాల్సింది విద్యార్థి సంఘాలు.