పోయేదేమీ లేదా?

పక్షవాతంతో మంచం పట్టిన తండ్రి, సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన బిడ్డ, ఆటిజం ఉన్న మనవడు: ఇలాంటి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు స్టెమ్ సెల్స్ మాట వస్తుంది. "ముంబైలో చేస్తున్నారట, ఓసారి చూపిస్తే పోయేదేముంది?" జంషెడ్‌పూర్ తెలుగిళ్ళలో, కదమాలోనైనా సోనారీలోనైనా టెల్కోలోనైనా, ఈ మాటకు అడ్డు చెప్పేవాళ్ళు తక్కువ. చెబితే కన్నవాళ్ళ ఆశ మీద నీళ్ళు చల్లాడన్న నింద పడుతుంది. పడినా సరే చెప్పాలి. పోయేది చాలా ఉంది.

ముందు అక్కడ చేసేదేమిటో చూద్దాం. తుంటి ఎముకలోకి లావుపాటి సూది దించి మజ్జ లాగుతారు. అందులోంచి కొన్ని కణాలను వేరుచేసి, నడుము దగ్గర వెన్నులోకి ఎక్కిస్తారు. మజ్జలోని మూలకణాల (స్టెమ్ సెల్స్) పని రక్తాన్ని పుట్టించడం. అందుకే లుకేమియాకు, తలసీమియాకు మజ్జ మార్పిడి నికార్సయిన వైద్యం. అవే కణాలు మెదడులో కొత్త నాడీకణాలుగా మారి, చచ్చినవాటి పని అందుకుంటాయని మనుషుల్లో ఎవరూ రుజువు చేయలేదు. మరమ్మతుకు సాయపడే రసాయనాలను వదులుతాయని అంటారు. కావచ్చు. ఆ సాయం రోగి ఒంట్లో కనిపించేంత ఉందా?

దీన్ని మన దేశంలోనే తేల్చి చూశారు. ఎయిమ్స్‌లో న్యూరాలజిస్టుగా ఉన్న డాక్టర్ కామేశ్వర్ ప్రసాద్ బృందం ఐదు ఆసుపత్రుల్లో 120 మంది పక్షవాత రోగులను తీసుకుంది. ఎవరు ఏ జట్టో చీటీ వేసినట్టు నిర్ణయించి, ఒక జట్టుకు వాళ్ళ మజ్జ కణాలనే రక్తనాళంలోకి ఎక్కించారు. రెండో జట్టుకు మామూలు వైద్యమే. ఆరు నెలలకు రెండు జట్ల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. కణాలు ఎక్కించుకోనివాళ్ళూ అంతే కోలుకున్నారు. ఈ ఫలితం 2014లో 'స్ట్రోక్' పత్రికలో వచ్చింది. ఆ డాక్టరుగారే తర్వాత మన రాంచీ రిమ్స్‌కు డైరెక్టరుగా వచ్చారు. ఈ చికిత్స కోసం మన ఊళ్ళో పెట్టే శిబిరాల ప్రకటనలు మన దాకా వస్తాయి గానీ, ఈ ఫలితం రాదు. "వాళ్ళు రక్తనాళంలోకి ఇచ్చారు, మేం వెన్నులోకి ఇస్తాం" అంటారా? అలాగే చీటీ వేసి, రెండు జట్లు పెట్టి, తేడా చూపించండి. ముందు వీడియో, తర్వాత వీడియో చూపిస్తే అది రుజువు కాదు.

బాగుపడ్డామని చెప్పేవాళ్ళు అబద్ధమాడుతున్నారని నేను అనను. మెడ నిలపలేని పిల్లాడు నిలిపే ఉంటాడు. కానీ ఇంజెక్షన్‌తో పాటు ఏం చేశారో చూడండి. పొద్దున ఫిజియోథెరపీ, మధ్యాహ్నం ఆక్యుపేషనల్ థెరపీ, సాయంత్రం స్పీచ్. ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టే కాగితం నిండా వ్యాయామాలే: కాళ్ళకు పట్టీలు కట్టి నిలబెట్టడం, బంతి మీద బోర్లా పడుకోబెట్టి మెడ ఎత్తించడం, గ్లాసు పట్టించడం. తల్లి నెలల తరబడి అవన్నీ చేయిస్తుంది. పిల్లాడి వయసూ పెరుగుతుంది. పేరు మాత్రం సూదికి పోతుంది. ఆ తల్లి కష్టాన్ని ఇలా లాక్కోవడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

టాటానగర్‌లో ముంబై వెళ్ళే గీతాంజలి ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళు ఆశతో పాటు పీఎఫ్ డబ్బు మోసుకెళ్తున్నారు. శ్రీకాకుళం వైపు మిగిలిన కాస్త పొలం అమ్మినవాళ్ళూ ఉంటారు. ఒక డోసుతో ఆగదు, రెండోది చెబుతారు. అదే డబ్బు ఊళ్ళోనే ఫిజియోథెరపిస్టుకు ఏళ్ళ తరబడి సరిపోతుంది. నేషనల్ ట్రస్టు వారి 'నిరామయ' బీమా ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళకు లక్ష రూపాయల వరకు ఇస్తుంది, థెరపీ ఖర్చులతో సహా. దాని గురించి చెప్పడానికి ఎవరూ శిబిరం పెట్టరు.

"మన కణాలే కదా, హాని ఏముంటుంది?" అన్నది ఇంకో ధీమా. వెన్నుపాము దెబ్బతిన్న ఒక అమెరికన్ యువతికి తన ముక్కు లోపలి పొర కణాలనే వెన్నులో పెట్టారు. ఎనిమిదేళ్ళ తర్వాత అక్కడ పెరిగిన గడ్డను శస్త్రచికిత్స చేసి తీయాల్సి వచ్చింది. మజ్జ కణాలు ఆ కణాలు కావు, నిజమే. తనవైనంత మాత్రాన ప్రమాదం లేదన్న వాదన మాత్రం అక్కడితో వీగిపోయింది.

నియమాలు కూడా స్పష్టంగానే ఉన్నాయి. రక్త సంబంధమైన జబ్బులకు చేసే మజ్జ మార్పిడిని పక్కన పెడితే, మిగతా స్టెమ్ సెల్ వైద్యమంతా అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలని 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆటిజానికి ఈ చికిత్సను ప్రోత్సహించడం వృత్తిపరమైన తప్పిదమని నేషనల్ మెడికల్ కమిషన్ ఎథిక్స్ బోర్డు 2022 డిసెంబరులో తేల్చింది.

ఈ శాస్త్రం మీద నాకు వైరం లేదు. క్యోటోలో పార్కిన్సన్స్ రోగులకు, ప్రయోగశాలలో డోపమిన్ కణాలుగా మలిచిన స్టెమ్ సెల్స్‌ను మెదడులో నాటారు. రెండేళ్ళు కనిపెట్టుకుని చూసి, 2025లో 'నేచర్'లో ఫలితం ప్రకటించారు. అంతా కలిపి ఏడుగురు రోగులు. ఆశ కలిగించే ఫలితమే. అయినా అది తొలి మెట్టేనని చెప్పారు. మన దగ్గర ఆ మెట్టు కూడా ఎక్కకుండానే బిల్లు వేస్తున్నారు.

శిబిరానికి హాలు కావాలని ఎవరైనా వస్తే మన సంఘాలు, గుడి కమిటీలు రెండు కాగితాలు అడగాలి. ఒకటి, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో వాళ్ళ నమోదు నంబరు. రెండోది, చికిత్సకు రోగి దగ్గర పైసా కూడా తీసుకోబోమని, హాని జరిగితే పరిహారం చెల్లిస్తామని సంతకం పెట్టిన హామీ. అవి చూపించినవాళ్ళకు హాలు అద్దె కూడా అడగనక్కర్లేదు.