కాచినా వదలని విషం

నీటిని కాచి చల్లార్చి త్రాగమని వైద్యులం చెబుతూనే ఉంటాము. కలరా, టైఫాయిడ్ క్రిములకు ఆ సలహా చాలు. ట్రైక్లోరోఎథిలీన్ వంటి పారిశ్రామిక సాల్వెంట్లకు చాలదు. కాచినప్పుడు అవి ఆవిరై వంటింటి గాలిలో చేరి, ఊపిరితో లోనికి పోతాయి. క్లోరిన్ కలిపినా తొలగవు.

అమెరికాలోని నార్త్ కరోలినాలో క్యాంప్ లెజ్యూన్ అనే సైనిక స్థావరం ఉంది. యంత్రాల జిడ్డు వదిలించే ఈ ద్రవం, బయటి డ్రైక్లీనింగ్ దుకాణపు రసాయనం అక్కడి బావుల్లోకి ఇంకాయి. 1953 మొదలు మూడు దశాబ్దాలకు పైగా సైనికులు, గర్భిణులు, పసిబిడ్డలు ఆ నీటినే వాడారు. 1982లో ఒక నమూనాలో ట్రైక్లోరోఎథిలీన్ లీటరుకు 1,400 మైక్రోగ్రాములు కనబడింది. తరువాత ఆ దేశం విధించిన పరిమితి 5. మూత్రపిండాల క్యాన్సర్‌కు ఇది కారకమని నేడు నిర్ధారణ అయింది.

అయినా బావుల మూసివేత మొదలైంది 1984 చివరిలో! అప్పటికి చట్టంలో పరిమితి లేదన్నది అధికారుల సమాధానం. చట్టం లేకపోతే విషం విషం కాకుండా పోతుందా?

బొగ్గు ఫిల్టర్ వీటిని చాలావరకు పట్టగలదు. కాని ఆ భారం గృహస్థులపై మోపడం నాకు సమ్మతం కాదు. పారిశ్రామికవాడల చుట్టుపట్ల బోరు నీటిని ఈ రసాయనాలకై ప్రత్యేకంగా పరీక్షించి, ఫలితాలను ప్రజలకు తెలుపవలసినది ప్రభుత్వమే. అనుమానం తలెత్తితే, ఆ బోరును వెంటనే ఆపి వేరే నీరు అందించాలి.